కుడికాలికి నునుపు, ఎడమకాలికి గరుకు

ముందే చెప్పేస్తున్నా, నాకు నోరెక్కువ. చేతిలో కత్తెర ఉంటే ఇంకా ఎక్కువ. ఆ సంగతి తెలియక పాపం ప్లాస్టిక్ గడ్డి షాపాయన నాకు సలహా చెప్పబోయాడు. ఆయన మాట అప్పుడే విని ఉంటే ఈ కథే లేదు.

అప్పటికి మేము కొత్త ఇంట్లోకి మారి నెలయింది. ఇరవై రెండేళ్లు అద్దె ఇంట్లో ఇరుక్కుని, మాకంటూ ఒక ఇల్లు ఉండాలని పోరు పెట్టింది నేనే. మా ఆయన బస్సు డ్రైవరు. రోజంతా రోడ్డు మీద అందరికీ దారిచ్చి దారిచ్చి ఇంటికొస్తాడు గనక నాకూ దారిచ్చేశాడు. అలా లేచింది ఇల్లు. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, నా కుట్టుమిషనుకి కిటికీ ఉన్న చిన్న గది, ముందు వరండా. వరండాకీ గేటుకీ మధ్య ఖాళీ జాగా. చిక్కంతా ఆ జాగాతోనే వచ్చింది.

మేస్త్రీ మిగిలిన ఇటుక ముక్కలూ కంకరా సిమెంటు పెళ్లలూ అన్నీ అక్కడే పారబోసి, పైపైన చదును చేసి చక్కా పోయాడు. అడిగితే, "ఇక్కడ పచ్చగడ్డి పట్టుకోవాలంటే మూడేళ్లు పడుతుందమ్మా" అన్నాడు. పోనీ పట్టుకుంది అనుకుందాం. దానికి నీళ్లెవరు పోస్తారు, నెలనెలా క్షవరం ఎవరు చేస్తారు? మా ఆయన పెంచిన ఆఖరి మొక్క కాక్టసు. నీళ్లు పోయకపోయినా బతుకుతుందని షాపువాడు ఒట్టేసి మరీ అమ్మాడు. అది కూడా మూడు నెలల్లో ఆయన చేతుల్లోనే పోయింది.

ఇదంతా ఎలా ఉన్నా నేను సర్దుకుపోయేదాన్నే. నా బెంగంతా మా అత్తయ్య గురించి.

మా అత్తయ్య ముప్ఫై అయిదేళ్లు టైలరు. నాకు కత్తెర పట్టుకోవడం నేర్పింది ఆవిడే, వేలు కోసుకుంటే గుడ్డ మీద రక్తం పడిందని తిట్టిందీ ఆవిడే. రెండేళ్ల నుంచి ఆవిడ కంటినరం ఎండిపోతూ వచ్చింది. ఆపరేషన్లతో అయ్యే పని కాదని డాక్టరు తేల్చేశాడు. ఇప్పుడు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియవు. పాత ఇంట్లో ఉన్నంతకాలం అదొక పెద్ద కష్టమని మాకు తోచనే లేదు. మంచం నుంచి మిషనుకి పదకొండు అడుగులు, మిషను నుంచి వీధిగుమ్మానికి తొమ్మిది. గుమ్మంలో కూర్చుని, చెప్పుల చప్పుడు బట్టి పోయేవాళ్లని ఆపి, ఎవరింట్లో ఏం జరిగిందో ఆరా తీసి, కూరల బండాయన్ని నాలుగు దులిపితే గాని లోపలికొచ్చేది కాదు.

కొత్త ఇంట్లో ఆ అడుగుల లెక్కలన్నీ గల్లంతయ్యాయి. మొదటి వారంలోనే కర్ర పట్టుకుని గేటు వైపు బయల్దేరింది. కంకరలో కాలు మెలికపడి మోకాళ్ల మీద పడింది. దెబ్బ పెద్దది కాదు గాని ఆ రోజు నుంచి గడప దాటలేదు. "చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా రండి అత్తయ్యా" అంటే, "నేనేమన్నా పసిపిల్లనా, ఊరేగిస్తావా నన్ను" అని గోడ వైపు తిరిగి పడుకునేది. ఇల్లు ఇల్లు అని నేను చేసిన గొడవకి, ఆవిణ్ని తెచ్చి ఒక గదిలో పడేసినట్టయింది. తిన్నది ఒంటపట్టడం మానేసింది నాకు.

అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, ఆవిడ నన్ను తిట్టడం మానేసింది.

తిట్లంటే మామూలు తిట్లు కాదు, మా ఇద్దరి మధ్యా ఒక కోటు ఉంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో, మ్యాజిక్ షోలు చేసే ఒకాయన మెరూన్ వెల్వెట్ తెచ్చి కోటు కుట్టమన్నాడు. వెల్వెట్ మీద చెయ్యి ఒకవైపు రాస్తే నున్నగా జారుతుంది, ఎదురు రాస్తే గరుగ్గా లేస్తుంది. దాన్ని నూగు వాలు అంటుంది అత్తయ్య. ముక్కలన్నీ ఒకే వాలున కోయాలి, లేకపోతే ఒక్కో ముక్కా ఒక్కో రంగులో కనిపిస్తుంది. ఆవిడ లేనప్పుడు నేను గొప్పకు పోయి, కుడి ముక్కా ఎడమ ముక్కా ఒకే దెబ్బకి వచ్చేస్తాయని గుడ్డని అడ్డంగా మడిచి కోసేశాను. అడ్డంగా మడిస్తే పైపొర వాలు తిరగబడుతుందని నాకేం తెలుసు? కోటు సగం మెరూను, సగం నలుపు తేలింది. టైము లేక ఆయన అదే వేసుకుని స్టేజీ ఎక్కితే, మొదటి మ్యాజిక్కు అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారట. అప్పట్నుంచీ ఇరవై ఏళ్లుగా కూరలో ఉప్పు ఎక్కువైనా సరే, గ్యాస్ అయిపోయినా సరే, "నీ సంగతి నాకు తెలీదూ, ఆ కోటు నాడే తెలిసింది" అనేది అత్తయ్య. నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. ఇప్పుడు నెల రోజులుగా ఆ మాటే లేదు. మొన్న పాలు పొయ్యి పాలు చేసి వెళ్లి చెబితే, "పోనీలేమ్మా" అంది. నాకు భయమేసింది.

ప్లాస్టిక్ గడ్డి ఆలోచన మా అమ్మాయిది. కాలేజీ పిల్ల, ఫోన్లో చూసి పట్టుకొచ్చింది. "నానమ్మ పడినా దెబ్బ తగలదమ్మా, మెత్తగా ఉంటుంది" అంది. ఆ ఒక్క ముక్కతో నేను పడిపోయాను. మర్నాడే గడ్డి షాపాయన ఏడు రకాల ముక్కలు తెచ్చి హాలంతా పరిచాడు.

మా ఆయన చూడగానే అన్నిటికన్నా పచ్చగా మెరిసేది పట్టుకుని, "ఇదే! స్టేడియంలా ఉంటుంది" అన్నాడు. అమ్మాయి మధ్యమధ్య గోధుమరంగు పోగులున్నది తీసి, ఫొటోలో ఇదే నిజం గడ్డిలా వస్తుందంది. షాపాయనేమో పొడుగు ఇన్ని మిల్లీమీటర్లు, ఎండకు ఇన్నేళ్లు అని గడగడా అప్పజెబుతున్నాడు.

"మిల్లీమీటర్లు తర్వాత" అని నేను కింద కూర్చున్నాను. ఒక్కో ముక్కా తిరగేసి వెనక అల్లిక చూశాను. పోగు గోటితో పట్టి లాగాను. రెండు ముక్కల్లో చేతికి ఊడొచ్చాయి, వాటిని పక్కన పారేశాను. పిడికిట్లో నలిపి వదిలి ఎంతసేపటికి లేస్తుందో చూశాను. చెంబుతో నీళ్లు తెప్పించి పోశాను. ఒకటి గుటకేసినట్టు నీళ్లు దింపేసింది, ఒకటి అలాగే నిలబెట్టింది. షాపాయన ముఖం చిన్నబోయింది. "మేడమ్, ఇంతవరకూ ఎవరూ ఇలా చూళ్లేదు" అన్నాడు. "ఇంతవరకూ మీరు టైలరుకి అమ్మలేదు" అన్నాను.

చివరికి నాలుగు మిగిలాయి. అప్పుడు నాకు ఉపాయం తట్టింది. అత్తయ్య గదిలోకి వెళ్లి, "అత్తయ్యా, ఒక రకం బట్ట వచ్చింది, నాకు అంతు చిక్కడం లేదు, మీరొక్కసారి చూసిపెట్టండి" అన్నాను. తిండికి పిలిచినా రానిది, బట్ట అనేసరికి లేచింది.

గోడ తడుముకుంటూ హాల్లోకొచ్చి, చెప్పులు వదిలి, మొదటి ముక్క మీద పాదం పెట్టింది.

"ఇది గుచ్చుకుంటోంది. చీపురు మీద నిలబెట్టావేమే?"

రెండోది. "జారుతోంది. తడి తగిలితే నన్ను నేరుగా ఆస్పత్రిలో దింపుతుంది."

మూడోది. "మరీ మెత్తన. ఎక్కడ నేల ఉందో కాలికి తెలియడం లేదు."

నాలుగో దాని మీద ఆగింది. పొట్టిగా, ఒత్తుగా, రంగు కొంచెం పాలిపోయి ఉంటుందది. మాలో ఎవరికీ నచ్చని ముక్క. పాదాన్ని ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది. "ఇది బాగుంది. ఒక పక్కకి వాలింది చూడు, వెల్వెట్‌లా" అంది.

"అమ్మా, అది ఎండిపోయినట్టుందే" అన్నాడు మా ఆయన.

"కంటికి కావాల్సింది నువ్వు తర్వాత గోడలకి వేసుకోరా. కాలికి కావాల్సింది ఇది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఖాయం చేసేశాం. కాని చెప్పులేసుకుంటూ ఆవిడ, "సరేలే, మీరు తిరుగుతారుగా. నేనెలాగూ బయటికి వచ్చేది లేదు" అని లోపలికెళ్లిపోయింది. ఉత్సాహమంతా అక్కడే చచ్చింది.

వారం తర్వాత కంకర ఎత్తించి, రాతిపొడి పోసి, రోలరుతో తొక్కించారు. షాపాయన ఇద్దరు పనివాళ్లతో గడ్డి చుట్ట తెచ్చాడు. మా జాగా వరండా దగ్గర ఎనిమిది మీటర్ల వెడల్పు, గేటు దగ్గర అయిదే. రెండు పక్కలా ప్రహరీ ఒకేలా లోపలికి వస్తుంది. వరండా మెట్లు సరిగ్గా మధ్యలో, ఎదురుగా గేటూ మధ్యలోనే. గడ్డి చుట్ట వెడల్పు నాలుగు మీటర్లు. చూడగానే నాకు అర్థమైపోయింది. ఇది కోటు ముందు భాగమే కదా! కుడి ముక్క ఒకటి, ఎడమ ముక్క ఒకటి, మధ్యలో అతుకు.

"కోత నేను గీస్తా" అన్నాను.

"వద్దు మేడమ్, మేము పరిచి కోసుకుంటాం. వాలు చూసుకోవాలి, రెండు ముక్కలూ ఒకే..."

"వాలు గురించి నాకు చెబుతున్నారా? వెల్వెట్ కోసిన చేతులండీ ఇవి!"

ఆయన చేతులు కట్టుకున్నాడు. "మీ ఇష్టం. కోశాక మాత్రం నేను వెనక్కి తీసుకోను."

న్యూస్ పేపర్లు అతికించి నమూనా చేశాను. పన్నెండు మీటర్ల చుట్టని పనివాళ్ల చేత విప్పించి, పచ్చవైపు లోపలికి వచ్చేలా నడిమికి మడిపించి, పైన సుద్దతో గీశాను. రెండు పొరలూ ఒకే గీత మీద కోయించాను. గోడకి అంగుళం తేడా లేదు. మధ్యాహ్నానికి పరిచి, అతుకు కింద పట్టీ వేసి జిగురు పెట్టేశారు. నా అంత మొనగత్తె లేదని నాకు నేనే మురిసిపోయాను.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక, చూద్దాం రండని అందర్నీ రోడ్డు మీదికి లాక్కెళ్లాను. గేటు బయట నిలబడి ఇంటి వైపు చూశాం.

మా ఆయన కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

"ఏమే, ఆ ఎడం పక్క నల్లగా ఉందేమిటి?" అన్నాడు మా ఆయన.

"ఒక పక్కే తడిసిందేమో నాన్నా" అంది అమ్మాయి.

షాపాయన ఆకాశం వైపు చూస్తున్నాడు. అంత శ్రద్ధగా ఆకాశాన్ని చూసిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

అడ్డంగా మడిచాను. ఇరవై ఏళ్లు వెల్వెట్ కుట్టి, పదిమందికి పాఠాలు చెప్పి, మళ్లీ అడ్డంగా మడిచి కోశాను! ఎడమ సగం గేటు వైపు వాలి నల్లగా, కుడి సగం ఇంటి వైపు వాలి లేతగా, నడిమధ్య గీత గీసినట్టు. ఆ మెజీషియన్ కోటు గుండీలు విప్పి మా ఇంటి ముందు పరిచినట్టే ఉంది.

"తిప్పి వేయొచ్చుగా?" అన్నాను, వినీ వినపడకుండా.

"గోడ ఏటవాలుకి కోశారు కదా మేడమ్, తిప్పితే గోడకి ఆనదు. సగానికి కొత్త ముక్క తేవాల్సిందే."

"తెండి. రేపే తెండి. ఎంతవుతుందో నేను చూసుకుంటా. ఎవరూ నోరెత్తకండి. అత్తయ్యకి తెలిస్తే నా బతుకు బస్టాండే."

మేము మాట్లాడుకోకపోవడమే కొంప ముంచింది. మా ఇంట్లో నలుగురు ఒకచోట ఉండి నిశ్శబ్దంగా ఉండటం ఎప్పుడూ జరగలేదు. వరండాలో కర్ర చప్పుడైంది.

"ఏమైంది? ఎవరికేమైంది? అందరూ ఎందుకు నోళ్లు మూసుకున్నారు?"

"ఏం లేదు నానమ్మా, చాలా బాగుంది" అంది అమ్మాయి. అబద్ధం చెబితే దాని గొంతు పిల్లిగొంతవుతుంది.

అత్తయ్య మెట్టు మీద కూర్చుంది. చెప్పులు విడిచింది. రెండు కాళ్లూ కింద పెట్టింది, సరిగ్గా అతుకుకి చెరోవైపున. పాదాలు ముందుకు జరిపింది, వెనక్కి జరిపింది. ఆగింది. మళ్లీ జరిపింది. నేను గేటు బయటే కమ్మీలు పట్టుకుని నిలబడ్డాను.

"ఒసేయ్!"

వీధి చివరికి వినపడి ఉంటుంది.

"అడ్డంగా మడిచి కోశావు కదూ? చెప్పు! అడ్డంగానేగా మడిచావు?"

నేను మా ఆయన వెనక్కి నక్కాను.

"ఇరవై ఏళ్లే! ఇరవై ఏళ్లు నా నెత్తురు ధారపోసి నేర్పితే, ఇదా నువ్వు నేర్చుకుంది? ఆ కోటు చాల్లేదటే నీకు? అప్పుడు మనిషికి వేశావు, ఇప్పుడు ఇంటికే తొడిగావు! ఉండు, ఎంతవరకు తగలేశావో చూస్తా!"

లేచింది. కర్ర మెట్టు మీదే ఉండిపోయింది. పాదాలు ఈడుస్తూ, అతుకు వెంట అడుగులో అడుగు వేస్తూ బయల్దేరింది. "ఇక్కడా ఇంతే... ఇదిగో, ఇక్కడా ఇంతే... కుడికాలికి నున్నగా ఉంది, ఎడమకాలికి గరుగ్గా ఉంది... ఒక్క జానైనా సరిగ్గా వచ్చిందేమో అనుకుంటే, అబ్బే..." ఒకసారి కొంచెం పక్కకి పోయింది. "ఇదేమిటి, రెండు కాళ్లకీ నున్నన?" అని, మళ్లీ ఎడమకి జరిగి గరుకు దొరకబుచ్చుకుని తిట్లు అందుకుంది. మా ఆయన గేటు తీసి చెయ్యి అందించబోయాడు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను.

తిట్టుకుంటూ తిట్టుకుంటూ వచ్చిన మనిషి చేతికి ఏదో ఇనుము తగిలింది. ఆగి తడిమింది. పైన కమ్మీ, పక్కన గడియ.

"ఇదేమిటే?"

"గేటు, అత్తయ్యా" అన్నాను.

"గేటా?"

ఆవిడ ముఖం నాకు బెత్తెడు దూరంలో ఉంది, మధ్యలో కమ్మీలే అడ్డం. గడియని ఇంకోసారి తడిమింది. తర్వాత గబుక్కున వెనక్కి తిరిగింది. కాళ్లతో వెతుక్కుని అతుకు పట్టుకుంది. నడిచింది. మెట్టు దాకా వెళ్లి, కాలితో మెట్టుని తన్ని చూసి, మళ్లీ తిరిగి గేటుకొచ్చింది. మూడుసార్లు తిరిగింది. మేము సినిమా చూసినట్టు చూస్తూ నిలబడ్డాం.

"పోయేటప్పుడూ కుడికాలికే నున్నన, వచ్చేటప్పుడూ కుడికాలికే నున్నన" అంది ఆయాసపడుతూ. "రెండూ నున్ననైతే కుడికి పోయినట్టు. రెండూ గరుకైతే ఎడమకి పోయినట్టు. ఇంతే కదా!"

షాపాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారూ, రేపు కొత్త ముక్క తెచ్చి సరిచేసేస్తానండీ."

"దీని మీద చెయ్యి వేశావంటే విరగ్గొడతా" అంది అత్తయ్య.

"చూడ్డానికి అసహ్యంగా ఉంటుందమ్మా" అని మా ఆయన గొణిగాడు.

"నేను చూడనుగా!"

ఆవిడే ముందు నవ్వింది. నెలయింది ఆ నవ్వు విని. ఆ తర్వాత అందరం పడీ పడీ నవ్వాం, షాపాయనతో సహా.

అందరూ లోపలికెళ్లాక మెట్టు మీద మేమిద్దరమే మిగిలాం. ఆవిడ పాదాలు ఇంకా గడ్డి మీద ముందుకీ వెనక్కీ ఆడుతున్నాయి. నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"పోనీలేవే. ఆ కోటు మాట ఇంకెప్పుడూ ఎత్తను."

నాకు ఒక్కసారిగా దుఃఖం పొర్లుకొచ్చింది. "ఎత్తండి అత్తయ్యా. ఎందుకెత్తరు? రోజూ ఎత్తండి! నెల రోజులు ఆ మాట వినక నాకు పిచ్చెక్కిపోయింది. మిమ్మల్ని తెచ్చి ఆ గదిలో పడేశానని కుమిలి చచ్చాను. కోటు మాట ఎత్తకపోతే మాత్రం ఊరుకునేది లేదు!"

"సరే సరే, ఏడవకు" అంది, నా వీపు మీద ఒక్కటి వేసి. "దీనికి తోడు ఇప్పుడు గడ్డి కూడా ఉందిగా. నీకేం లోటు రానివ్వనులే."

మర్నాడు పొద్దున్నే మిషను ముందు కూర్చుని చొక్కా కాలరు కుడుతున్నాను. కిటికీలోంచి గేటు దగ్గర అత్తయ్య గొంతు వినిపించింది. కూరల బండి ఆగినట్టుంది. వంకాయలు ముదిరాయని నాలుగు దులిపింది. ఇంటిముందు గడ్డి రెండు రంగులేమిటని అతను అడిగినట్టున్నాడు.

"అదా? మా కోడలి పనే బాబూ! ఇలా రా, బండి పక్కన పెట్టు, చెబుతా. ఇరవై ఏళ్ల కింద ఒక మెజీషియను కోటు కుట్టమని వెల్వెట్ తెచ్చాడు..."

నేను మిషను ఆపేసి విన్నాను.